కలకత్తా కోతమిల్లులో ఇరవై నాలుగోవాణ్ణి

కలకత్తా వెళ్లొచ్చానంటే మా ఊళ్లో ప్రతివాళ్లూ ముందు కాళీ గుడి గురించి అడుగుతారు, తర్వాత రసగుల్లా గురించి. గుడి నేను చూడలేదు. రసగుల్లాలు మాత్రం లెక్క తప్పేదాకా తిన్నాను. మూడు రోజుల కోసం అంత దూరం పోయి నేను చూసొచ్చింది ఒక కోతమిల్లు. రాజమండ్రిలో సొంత కోతమిల్లు పెట్టుకున్నవాడు రంపం చూడ్డానికి కలకత్తా వెళ్లడమేమిటని మా ఆవిడ కూడా అడిగింది. "గోదావరి గట్టున ఇల్లు పెట్టుకుని నీళ్ల సీసా కొనుక్కోవడానికి బజారుకెళ్లినట్టుంది" అంది.

కారణం ఉంది. రెండేళ్ల కిందట మా హైస్కూలు పిల్లలు మిల్లు చూడ్డానికి వచ్చారు. సైన్సు చెప్పే కామేశ్వరి టీచరు గారు తీసుకొచ్చారు. నేను అడ్డంగా తాడు కట్టించాను, పిల్లలందరూ దాని అవతల నిలబడ్డారు. వెనక వరసలో లావణ్య అనే ఎనిమిదో తరగతి పిల్ల మునివేళ్ల మీద లేచి చూస్తోంది. నలుగురు వింటుంటే నాకు మాట ఆగదు. టేకు దుంగ కోసిన మొహం మీద వలయాలు చూపించి చెట్టు వయసు చెబుతున్నాను. ఆ ఊపులో "అక్కణ్ణుంచి ఏం కనబడుతుంది, ఇలా రా అమ్మా" అని ఆ పిల్లకి చెయ్యి ఊపాను. తాడు కిందనుంచి దూరి వచ్చింది. దుంగల దొంతికి కింద పెట్టే అడ్డుచెక్క ఆ రోజు సరిగా లేదు. పై దుంగ జారి ఆ పిల్ల కాలు రెండు చోట్ల విరిగింది.

ఆస్పత్రి వరండాలో ఎలా జరిగిందని అందరూ అడిగారు. "తాడు దాటి వచ్చేసిందండీ" అన్నాను. దాటిన మాట నిజమే. పిలిచింది నేనని మాత్రం చెప్పలేదు. అందరూ దుంగవైపు చూస్తున్నారు, రంపం హోరులో ఆ పిలుపు ఇంకెవరూ పట్టించుకోలేదు. వైద్యం నేనే చేయించాను, ఊరు మెచ్చుకుంది. పిల్లల్ని అదుపులో పెట్టుకోలేదని కామేశ్వరి గారికి మెమో వచ్చింది, ఇక మీదట పిల్లల్ని బయటికి తీసుకెళ్లొద్దన్నారు.

ఈ వానాకాలం మొదట్లో హెడ్‌మాస్టరు గారు మళ్లీ ఉత్తరం పంపారు. ఈసారి వేరే టీచరుతో పంపిస్తాం, పిల్లల్ని రానిస్తారా అని. 'వేరే టీచరుతో' అన్న మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. కలప కొనడానికి కలకత్తా వెళ్లొచ్చిన మా మేనల్లుడు ఆ వారమే చెప్పాడు: నిమ్‌తలాలో ఒక మిల్లు తరచూ బడిపిల్లల్ని రానిస్తుంది, ఒక్కరికీ గోటి గీత కూడా పడలేదట, మేస్త్రీ మన తెలుగువాడేనట. ఉత్తరానికి జవాబు రాయడం మానేసి రైలు టిక్కెట్టు తీసుకున్నాను. చెయ్యాల్సిన పని తప్పించుకోవడానికి ఇంకో పని కల్పించుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు.

సంత్రాగాఛి: దిగకూడని చోట

రైల్లో నా ఎదుటి సీటు పార్వతమ్మ గారిది. పుట్టిల్లు పలాస దగ్గర. వాళ్లాయన రైల్వేలో చేసి రిటైరయ్యారు, ఇప్పుడు కొడుకు కూడా రైల్వేయే, హౌరాకి ముందొచ్చే సంత్రాగాఛి క్వార్టర్లలో కాపురం. ఇవన్నీ నేను చెప్పులు విప్పేలోపే తెలిశాయి.

"నువ్వేటి బాబూ, పనిమీదా, సూడ్డానికా?" అంది.

"ఒక కోతమిల్లు చూడ్డానికండీ."

"మీ ఊర్లో లేవేటి?"

"నాదే ఒకటుందండీ."

నన్ను కిందినుంచి పైదాకా చూసి టిఫిన్ డబ్బా మూత తీసింది. "ముందు తినీ. ఆకలి మీద మనిసి ఏటేటో సెప్తాడు."

జీడిపప్పు వేసిన ఉప్మా. ఉప్మాలో జీడిపప్పు అనడం కంటే జీడిపప్పులో కాస్త ఉప్మా ఉంది అనడం న్యాయం. మా ఇంట్లో ప్లేటుకి నాలుగు పలుకులు తగిలితే పండగ. పలాసవాళ్ల చెయ్యి వేరు.

తిండి పెట్టిన మనిషి సలహా ఇస్తే కాదనలేం. "హౌరా దాకా ఎల్లకు బాబూ. సిగ్నలు కాడ బండి గంట నిలబడిపోద్ది. నాతో సంత్రాగాఛిలో దిగిపోయి లోకల్ ఎక్కీ, ఇట్టే పడతావు" అంది. దిగాను. లోకల్ ఎక్కాను. అది ప్లాట్‌ఫాం దాటగానే ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తుండగా నేను దిగొచ్చిన బండే హుందాగా మమ్మల్ని దాటి హౌరా వైపు వెళ్లిపోయింది.

మేస్త్రీ కోసం ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఒకటి పట్టుకెళ్లాను. లోకల్లో పక్కనున్న పెద్దమనిషి దాని మీద మోచెయ్యి ఆనించి హౌరా దాకా హాయిగా నిద్రపోయాడు. లేపడానికి మనసు రాలేదు. బెంగాలీలో ఎలా లేపాలో తెలియకపోవడం కూడా ఒక కారణం.

హుగ్లీ మీద పడవ

హౌరా స్టేషనుకి ఎదురుగానే రేవు. నది దాటడానికి పది రూపాయల నోటిస్తే చిల్లర వెనక్కిచ్చారు. ఊళ్లో ఆటో ఎక్కితే నాకు చిల్లర వెనక్కొచ్చి ఎన్నాళ్లయిందో. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకి ఇంకో నదిని మెచ్చుకోవడం చేతకాదు, నేనూ ప్రయత్నించలేదు. కానీ గుర్రపుడెక్క తేలుతున్న ఆ మట్టినీళ్ల మీద ఆఫీసులకి పోయేవాళ్లు రోజూ పడవెక్కడం చూసి కాస్త అసూయ పడ్డాను. మాకు వంతెన వచ్చాక నదిని కిటికీలోంచి చూడ్డమే మిగిలింది.

ఇక్కడ అందరూ అందరికీ 'దాదా', అంటే అన్న. టిక్కెట్టు ఇచ్చేవాడు నన్ను దాదా అన్నాడు, నేను వాణ్ణి దాదా అన్నాను. మా వైపు నన్ను 'బాబాయి గారూ' అనడం కూడా తగ్గిపోయి తాతగారి గుమ్మం దాకా వచ్చేశాను. పాతికేళ్లవాడు అన్నా అని పిలిస్తే ఛాతీ కొంచెం విరుచుకుంది. అవతలి రేవులో మట్టి ముంతలో టీ తాగాను. తాగాక పారెయ్యడానికి చెయ్యి రాలేదు. కుమ్మరి చేసిన ముంత, పది రూపాయల టీకి ఒక్కసారి వాడి పగలగొట్టడమేమిటని పట్టుకు నిలబడ్డాను. టీ అమ్మే అతను నవ్వి, నా చేతిలోంచి తీసుకుని తనే బుట్టలోకి విసిరాడు.

నిమ్‌తలా

అక్కడ సందుల నిండా కలపే. గోడకి ఆనించి బర్మా టేకు దూలాలు, మెట్ల మీద సాల పలకలు, పలకల మీద ఆరేసిన చొక్కాలు. ఒక చివర నది, మధ్యలో రైలు పట్టాలు. రైలు వచ్చేముందు కూలీలు పలకలు పట్టాల మీంచి పక్కకి జరిపి, అది పోయాక మళ్లీ యథాస్థానంలో పెట్టేస్తారు. వాన వాసన, రంపపు పొట్టు వాసన కలిస్తే నాకు ఇల్లు గుర్తొచ్చింది.

అప్పారావు మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. భుజాన గళ్ల తువ్వాలు, మెడలో విజిలు, ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. తాతలది సోంపేట వైపు, తను మాత్రం పుట్టింది కలకత్తాలోనే. తెలుగు మాట్లాడతాడు కానీ అక్షరం రాదు. నన్ను చూడగానే తన మనుషులతో బెంగాలీలో ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. నాకు తెలుగులో చెప్పాడు: "మిల్లు ఓనరుబాబు మా కాడికి రంపం సూడ్డానికొచ్చినాడు, దునియా ఉల్టా అయిపోనాది అన్నాను. తప్పేటి?"

"తప్పేం కాదు. పూతరేకులు తెచ్చాను" అని పెట్టె ఇచ్చాను.

మూత తీసి చూశాడు. "ఇవి రేకులా బాబూ? మా పొట్టు లాగున్నాదే."

మర్నాడు పొద్దున్న ఒక బడి నుంచి ఇరవై ముగ్గురు పిల్లలు వస్తారట. నన్ను పొద్దున్నే రమ్మన్నాడు. బస చేసిన చోట కచోరీలు, బంగాళాదుంప కూర తిన్నాను. నాలుగు కచోరీలు నలభై రూపాయలు. కూరలో పంచదార వేశారు. మరునాడు పప్పులో కూడా వేశారు. ఇక నీళ్లలో వెయ్యడమే తరువాయి.

ముడుల తాడు

నేను వెళ్లేసరికి మేస్త్రీ యార్డంతా తిరుగుతున్నాడు. ప్రతి దొంతి దగ్గరా ఆగి కింది అడ్డుచెక్కని కాలితో తన్ని చూస్తున్నాడు. తన్నితే కదిలినవి రెండు దొరికాయి, వాటిని కొట్టించాడు. లారీలు వచ్చే గేటుకి తాళం వేయించాడు. పిల్లలున్నంతసేపూ దుంగ దించడం, ఎత్తడం బంద్. రాత్రి వానకి జారుడుగా ఉన్నచోట పొట్టు చల్లించాడు. నా మిల్లులో ఆ రోజు నేను చల్లించింది ఒక్క గుమ్మం ముందు నీళ్లు.

పిల్లలు వచ్చారు, వెంట ఇద్దరు టీచర్లు. చెప్పులతో వచ్చినవాళ్లకి మేస్త్రీ ఒక పెట్టెలోంచి గుడ్డబూట్లు ఇచ్చాడు. జడలు టోపీల్లోకి పోయాయి, గాజులు సంచీల్లోకి, చెవుల్లోకి దూది. అప్పుడు మెయిను స్విచ్ కిందికి లాగి, బోర్డులోంచి మూడు తెల్లటి పింగాణీ ఫ్యూజులు పీకాడు. ముగ్గురు పిల్లల్ని పిలిచి తలా ఒకటి అరచేతిలో పెట్టాడు.

"ఇంక మిల్లు నాది కాదు, మా సేటుది కాదు" అన్నాడు నాతో. "ఈ గుంటలది. ఈళ్లు తిరిగి ఇచ్చిందాకా దేవుడొచ్చినా రంపం తిరగదు."

ఆగిన రంపం దగ్గరికి పిల్లల్ని ఆరుగురు చొప్పున తీసుకెళ్లి చూపించాడు. పళ్లు ఎటు వంగుతాయో, దుంగ ఏ పట్టాల మీద వస్తుందో, చెక్క ఎటు పడుతుందో చెప్పాడు. ఫ్యూజు పట్టుకున్న ముగ్గురూ గుడిలో హారతి పళ్లెం పట్టుకున్నంత భయభక్తులతో నిలబడ్డారు.

తర్వాత తాడు తీశాడు. ఆ తాడుకి మూరెడు దూరంలో ఒక్కో ముడి, ముడికి ఒక పిల్ల. మా మిల్లులో తాడు పిల్లల్ని ఆపడానికి కట్టాను. ఇక్కడ పట్టుకోవడానికి ఇస్తారు. ముడి ఖాళీ అయితే చివర నిలబడ్డ మనిషికి వెంటనే తెలిసిపోతుంది. పిల్లలందరూ ముడులు పట్టుకున్నాక ఆ ముగ్గురూ ఫ్యూజులు తిరిగిచ్చారు, రంపం తిరగడం మొదలైంది, సాల దుంగ ఒకటి కోతకొచ్చింది.

నేను అతిథిని కదా, పనివాళ్ల పక్కన లోపల నిలబడ్డాను. తాడు చివర కళ్లజోడు పెట్టుకున్న ఒక చిన్నపిల్ల ముందువాళ్ల వెనకనుంచి మునివేళ్ల మీద లేస్తోంది. పాపం, దానికేం కనబడుతుంది అనుకున్నాను. నా చెయ్యి లేచింది, ఇలా రా అని ఊగింది. ఆ సైగకి భాష అక్కర్లేదు. పిల్ల ముడి వదిలేసి తాడు కిందనుంచి దూరి రెండడుగులు వేసింది.

విజిలు మోగింది. రంపం ఆపే బొత్తాం ఎవరో గుద్దారు. చక్రం తిరుగుడు నెమ్మదించి, సన్నగిల్లి, ఆగింది.

అప్పారావు ఆ పిల్ల వైపు చూడనైనా చూడలేదు. "కే డాక్‌లో?" అన్నాడు.

నా పక్కనున్న పనివాడు హిందీలో చెప్పాడు: ఎవరు పిలిచారని అడుగుతున్నాడు, ఇక్కడ ముందు అదే అడుగుతాం అని. ఎవరు దాటారని కాదు.

ఆ పిల్ల తన బూట్ల వైపు చూస్తోంది. నా వైపు చూడటం లేదు. పెద్దవాణ్ణి, అతిథిని, పేరు చెప్పదు. ఆస్పత్రి మంచం మీద లావణ్య కూడా సరిగ్గా ఇలాగే పైకప్పు వైపు చూసింది తప్ప నా వైపు చూడలేదు. నేను నోరు మూసుకుంటే ఇక్కడా గడిచిపోతుంది, సాయంత్రానికి రసగుల్లా తినొచ్చు.

చెయ్యి ఎత్తాను. ఆ చెయ్యి పైకి లేవడానికి రెండేళ్లు పట్టింది.

మేస్త్రీ కోప్పడలేదు. "అయితే రా బాబూ. ముడి పట్టుకో" అన్నాడు. పిలిచినవాడు పిల్లల వరసలో నిలబడాలి, అది అక్కడి పద్ధతి. నేను తాడు చివర ఇరవై నాలుగో ముడి పట్టుకున్నాను. పిల్లలు పగలబడి నవ్వారు. కళ్లజోడు పిల్ల ఒక్కర్తే నవ్వలేదు. ఒంటిచేత్తో పట్టుకుంటే లాభం లేదని నా రెండో చెయ్యి కూడా తెచ్చి ముడి మీద పెట్టింది.

నేను మోకాళ్లు వంచి ఆ పిల్ల ఎత్తులోంచి చూశాను. రంపం కనబడదు, టోపీలే కనబడతాయి. మేస్త్రీ కూడా వచ్చి వంగి చూశాడు. ముందు వరసవాళ్లని పలకల మీద కూర్చోమన్నాడు. వాళ్లు కూర్చున్నారు, మాకు రంపం కనబడింది. ఇంత సులువు. నాకు ఆ రోజు పిలవడమే తట్టింది, ముందువాళ్లని కూర్చోబెట్టడం తట్టలేదు.

ఏక్‌బాల్‌పూర్: చేప తగాదా

సాయంత్రం మేస్త్రీ నన్ను బస్సెక్కించి ఏక్‌బాల్‌పూర్‌లో తన ఇంటికి తీసుకెళ్లాడు. ఓడరేవుకి దగ్గర, ఒకటిన్నర గది. ఆయన భార్య వరాలమ్మ ఆవపిండి ముద్దతో ఇలీష్ చేప వండింది. సముద్రంలోంచి ఏరెక్కి మా గోదావరికొస్తే దాన్నే మేం పులస అంటాం. పుస్తెలమ్మైనా తినాలంటాం.

"దీన్ని చింతపండు పులుసు పెట్టి, రాత్రంతా ఉంచి, మర్నాడు తినాలండీ" అన్నాను.

"మర్నాడుదాకా ఉంచితే మాయింట్ల పిల్లులు తినేస్తాయి బాబూ" అంది వరాలమ్మ.

"మా పులస రుచి వేరండీ."

"ధర కూడా వేరంట కదా" అన్నాడు అప్పారావు. "ఒకే సేప. మీ కాడికొచ్చేసరికి దానికి పొగరెక్కిపోద్ది."

వాళ్ల మనవరాలు రింకూ కాలేజీలో చదువుతోంది. పూతరేకుల పెట్టె మీద తెలుగు అక్షరాలని ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివి, "ఆత్రేయపురం" అని గెలిచినట్టు అరిచింది. తర్వాత ఆ పొడిని మరమరాల మీద జల్లి అందరికీ పెట్టింది. ఆత్రేయపురంవాళ్లు క్షమించాలి, బాగుంది.

భోజనమయ్యాక, 'ఎవరు పిలిచారు' అన్న పద్ధతి ఎవరు పెట్టారని అడిగాను.

అప్పారావు ఎడమచెయ్యి చూపించాడు. "ఇవి పోయిన రోజున అందరూ, నువ్వు సెయ్యి ఎందుకెట్టినావు అన్నారు. ఎవులు ఎట్టమన్నారని ఒక్కడూ అడగలేదు. నాను సెప్పలేదు, కొలువు పోద్దని. మేస్త్రీ అయిన్నాడే అనుకున్నాను, నా మిల్లుల ముందు ఆ మాటే అడగాలని."

అప్పుడు లావణ్య సంగతి చెప్పాను. కామేశ్వరి గారి మెమో సంగతీ చెప్పాను. చెబుతుంటే తేలికైపోతోంది. ఎవరైనా ఓదారిస్తే బాగుండునని కూడా అనిపించింది, అది దాచను.

అప్పారావు చెయ్యి కడుక్కున్నాడు. "నాకు సెప్పి ఏటి లాభం? నాను మీ బడి పంతుల్నా? ఆ టీచరమ్మ ఏ ఊర్ల ఉన్నాది?"

"మా ఊళ్లోనే."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చినావు బాబూ?"

వరాలమ్మ ఇంకో ముక్క చేప వడ్డించింది. ముళ్లెక్కువ, నెమ్మదిగా తినమంది.

రాజమండ్రి

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. ఎవరూ నన్ను మధ్యలో దింపలేదు. స్టేషను నుంచి ఇంటికి కాకుండా సరాసరి కామేశ్వరి గారింటికి వెళ్లాను. ఇంటికెళితే స్నానం, టిఫిను, ఇంకో కారణం దొరుకుతాయని నా గురించి నాకు తెలుసు.

ఆవిడ మొత్తం విన్నారు. "నేను అటు తిరిగి పిల్లల్ని లెక్కపెడుతున్నానండీ అప్పుడు" అన్నారు. "నా కళ్లు తప్పించి ఎలా దాటిందా అని ఈ రెండేళ్లూ నన్ను నేనే తిట్టుకున్నాను."

"క్షమించండి" అన్నాను.

"నాకు చెప్పి సరిపెట్టుకోకండి. హెడ్‌మాస్టరు గారికి రాసివ్వండి. పొద్దున్న ప్రార్థన దగ్గర పిల్లల ముందు చెప్పండి." కాఫీ ఇవ్వలేదు. ఇవ్వాలని నేనూ అనుకోలేదు.

రాసిచ్చాను. హెడ్‌మాస్టరు గారి ఉత్తరానికి జవాబు కూడా అందులోనే రాశాను: పిల్లల్ని రానిస్తాను, కామేశ్వరి టీచరు గారు తీసుకొస్తే. మర్నాడు మా మిల్లు మెయిను బోర్డులోంచి ఒక ఫ్యూజు పీకి జేబులో వేసుకుని బడికెళ్లాను, పిల్లలకి కలకత్తా పద్ధతి చూపించి చెబుదామని. ప్రార్థన అయ్యాక మైకు ఇచ్చారు. నలుగురు వింటుంటే మాట ఆగని నాకు ఆ రోజు నాలుగు వాక్యాలే వచ్చాయి. ఆ పిల్లని పిలిచింది నేను, అడ్డుచెక్క చూసుకోనిది నేను, టీచరు గారి తప్పు లేదు, లావణ్య తప్పు లేదు. ఫ్యూజు సంగతి మర్చిపోయి దిగిపోయాను.

వరసలు కదిలాక లావణ్య నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు పదో తరగతి. ఎడమకాలు కొంచెం ఆచితూచి వేస్తుంది.

"నేను అప్పుడే చెప్పానండీ మా నాన్నకి, మీరు పిలిచారని. పెద్దాయన మీద చెప్పకే అన్నాడు."

ఏం చెయ్యాలో తెలియక జేబులో చెయ్యి పెడితే ఫ్యూజు తగిలింది. తీసి, అదేమిటో, కలకత్తాలో ఎవరి చేతికిస్తారో చెప్పాను. చెయ్యి చాపింది. అరచేతిలో అటూ ఇటూ తూచి చూసింది.

"ఇది లేకపోతే మీ మిల్లు తిరగదా?"

"తిరగదమ్మా."

గంట మోగింది. లావణ్య దాన్ని పెన్నుల డబ్బాలో పెట్టి, మూత నొక్కి, క్లాసుకి వెళ్లిపోయింది. వెనక్కి పిలవడానికి నాకు నోరు రాలేదు. పిలవడంలో నా అనుభవం మంచిది కాదు.

మిల్లుకి వెళ్లేసరికి పనివాళ్లందరూ దుంగల మీద కూర్చుని టీ తాగుతున్నారు. మా కోత మేస్త్రీ సూరిబాబు బోర్డు దగ్గర తల గోక్కుంటున్నాడు.

"ఫ్యూజు ఒకటి కనబడ్డం లేదండి బాబూ. మీరేమైనా తీశారా అండి?"

"బడి వదిలాక వస్తుంది" అన్నాను, నేనూ ఒక టీ తీసుకుని వాళ్ల పక్కన కూర్చున్నాను.